తెల్ల టేపు పెట్టని చోటు

సన్నాయి మీద ఒకే స్వరాన్ని రెండు నిమిషాలు తెగకుండా పట్టిన రికార్డింగు ప్రపంచం మొత్తంలో ఒక్కటే ఉంది. ఊదింది సన్నాయి సత్తయ్య. ఊదించింది నేను.

ఈ మాట తార్నాకలో నేను చాయ్ తాగే ప్రతిచోటా చెప్పాను. లాలాపేట్ నుంచి హబ్సిగూడ దాకా నన్ను ఎరిగినవాళ్లలో ఇది విననివాళ్లు లేరు. నేను చెప్పినప్పుడల్లా మా ఆవిడ శకుంతల దగ్గుతుంది. ఆమెకు దగ్గు జబ్బేమీ లేదు. "జర తగ్గించు" అని దాని అర్థం.

సరే, తగ్గిస్తాను. గడియారం పెట్టి కొలిస్తే టేపు మీద అది యాభై ఎనిమిది సెకన్లు. ప్రపంచం మొత్తం సంగతి నాకేం తెలుసు? యూనివర్సిటీ గేటు దాటి నేను రికార్డు చేసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "ఊదించింది నేను" అన్నది కూడా కోతే. నేను చేసిందల్లా మైకు పెట్టడం. అది కూడా మా సార్ చూపించిన చోటనే పెట్టాను.

యూనివర్సిటీ ఆడిటోరియంలో ముప్పై మూడేళ్లు సౌండు చూసుకున్నాను. ఆర్డరు కాగితంలో నా ఉద్యోగానికి రెండు లైన్ల పేరుండేది. క్యాంపస్‌కు మాత్రం నేను "మైకు సార్". సౌండు పని నేర్చుకునే పిల్లలు ఈమధ్య మా ఇంటికొస్తున్నారు. "సార్, మీ ఎక్స్‌పీరియెన్స్ రాయండి" అంటున్నారు. ఎప్పుడు చేరాను, ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది అన్నవి పెన్షన్ ఆఫీసులో ఉంటాయి, అక్కడ చూసుకోండి. నేను రాసేది ఒక సారు గురించి, ఒక కుర్చీ గురించి, ఒక బ్లేడు గురించి, పోయిన నెల చూసిన ఒక సినిమా గురించి.

ఖాళీ హాలు

మా సార్ పేరు రాఘవులు. చేరిన మొదటి రోజు నన్ను ఖాళీ ఆడిటోరియం మధ్యలో నిలబెట్టి ఒక్కసారి చప్పట్లు కొట్టమన్నాడు. కొట్టాను.

"ఇనబడ్డదా?"

"ఏంది సార్?"

"హాలు."

నాకేమీ వినబడలేదు. వారం రోజులు రోజూ పొద్దున్నే కొట్టించాడు. ఎనిమిదో రోజు వెనక గోడ నుంచి చప్పుడు తిరిగి రావడం, ఎడమ పక్క పాత పరదాలు దాన్ని మింగేయడం విన్నాను. జనం నిండితే అదే హాలు సగం శబ్దం తాగేస్తుందని, చలికాలం శాలువాలు కప్పుకొస్తే ఇంకాస్త తాగుతుందని తర్వాత తెలిసింది. మీకిప్పుడు ఇవన్నీ తెర మీద గీతలు గీసి చూపించే మిషన్లున్నాయి. వాడుకోండి. కానీ ముందు చప్పట్లు కొట్టండి.

ఒకసారి ఒక పెద్దమనిషి ఉపన్యాసానికి వచ్చాడు. మైకును లడ్డూ అనుకున్నాడో ఏమో, మూతికి ఆనించి గంట దంచాడు. జనం ఒకరి తర్వాత ఒకరు లేస్తున్నారు. అప్పుడు నేను సౌండు మెల్లమెల్లగా తగ్గించాను. గుసగుస స్థాయికి తెచ్చేసరికి లేచినవాళ్లు కూర్చున్నారు, కూర్చున్నవాళ్లు ముందుకు వంగారు. ఆయన ఏదో రహస్యం చెప్తున్నాడనుకున్నారు. చివర్లో హాలు మోగిపోయింది.

ఇందులో నిజం చెప్పాలంటే తగ్గించింది నేను కాదు. ఒక తీగ వదులైంది. కానీ పాఠం పాఠమే: అరిస్తే జనం పారిపోతారు, మెల్లగా వినిపిస్తే వంగి వింటారు.

రెండు మిషన్లు

ఆ రోజుల్లో రికార్డింగ్ ఎట్లా చేసేవాళ్లమో చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. పెద్ద పళ్లెమంత చక్రం, దానికి చుట్టిన టేపు. ఒక చక్రం అరగంట తిరుగుతుంది. కచేరీ రెండు గంటలు. అందుకే పక్కపక్కన రెండు మిషన్లు. మొదటి చక్రం ఖాళీ కావడానికి రెండు నిమిషాల ముందే రెండోదాన్ని మొదలుపెట్టాలి. కాసేపు రెండూ కలిసి తిరుగుతాయి. మర్నాడు తీరిగ్గా కూర్చుని, రెండింట్లో ఒకే స్వరం ఉన్న చోటు వెతికి, బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికిస్తే అతుకు దేవుడికి కూడా తెలియదు.

రాఘవులు సార్ నియమాలు రెండే. మొదటిది, చక్రం తిరుగుతున్నంతసేపు కుర్చీలోంచి లేవద్దు. ఆడిటోరియం వెనక మిర్చి బజ్జీల బండి ఉండేది, దాని వాసన సరిగ్గా సాయంత్రం కచేరీల వేళకే మా కిటికీలోకి వచ్చేది. "భూకంపమొచ్చినా లేవద్దు, బజ్జీలొచ్చినా లేవద్దు" అనేవాడు. ముప్పై మూడేళ్లలో నేను ఆ కుర్చీ వదల్లేదు. నా పేరు మీద రాసుకోండి.

రెండోది తెల్ల టేపు. మామూలు టేపు గోధుమ రంగులో ఉంటుంది. దాంతో పాటు మాకు తెల్ల టేపు చుట్ట ఒకటి ఇచ్చేవాళ్లు, దాని మీద ఏ శబ్దమూ ఎక్కదు. ఎక్కడైనా కొంత రికార్డు కాకుండా పోతే, అక్కడ జానెడు తెల్ల టేపు అతికించాలి. వినేవాడికి ఆ చోట మౌనం వస్తుంది, చూసేవాడికి తెలుపు కనిపిస్తుంది. ఇక్కడేదో పోయిందని ఇద్దరికీ తెలుస్తుంది.

"పోయింది పోయిందని చెప్పాలె. టేపే అబద్ధమాడితే ఇగ దేన్ని నమ్ముతం?" అనేవాడు సార్.

సత్తయ్య

ఇవాళ సన్నాయి అనగానే అందరి నోటా వచ్చే పేరు సత్తయ్యది. ఆయన క్యాసెట్టు మోగని పెళ్లి ఒకప్పుడు లేదు. నేను చెప్పేది దానికి ముందు సంగతి. జనగామ పక్క ఊరి నుంచి వచ్చి పెళ్లిళ్లలో ఊదుకునే మనిషిని ఆడిటోరియం స్టేజీ మీద పూర్తి కచేరీకి కూర్చోబెట్టడం మా క్యాంపస్‌లో అదే మొదటిసారి. సంగీతం చెప్పే ఇద్దరు మేష్టర్లు నా ముందరే అనుకున్నారు: "పెళ్లి సన్నాయికి ఆడిటోరియం ఎందుకండీ? పందిరి చాలదా?"

సత్తయ్య రెండు గంటలు ముందే వచ్చాడు. తెల్ల పంచె, భుజం మీద కండువా, వెంట పధ్నాలుగేళ్ల బిడ్డ సుగుణ. నాయన ఊదుతుంటే శ్రుతిపెట్టె తిత్తి ఆపకుండా ఆడించడం ఆ పిల్ల పని. ఆయన స్టేజీ ఎక్కకుండా నేరుగా నా మిషన్ల దగ్గరికొచ్చాడు. సన్నాయి కొనకు పెట్టే పీకను ఎట్లా చూస్తాడో చక్రాలను అట్లా చూశాడు.

"సారూ, గీ చక్రం ఎంతసేపు తిరుగుతది?"

"అరగంట."

"ఆ తర్వాత?"

రెండో మిషన్ చూపించాను. రెండు నిమిషాల ముందే అందుకుంటుందని చెప్పాను.

"అందుకోకపోతే నా పాట గాలిల పోయినట్టేనా?"

"గట్లెట్ల పోతది? నేనున్న గదా."

"నువ్వు గీడనే కూసుంటవా?"

"ఇంకేడికి పోత?"

ఆయన తలూపి స్టేజీ ఎక్కాడు. స్టేజీకి ఎదురుగా, పక్క తలుపు దగ్గర నా బల్ల. ఆయన తల తిప్పితే నేను కనిపిస్తాను.

కళ్యాణి రాగం ఎత్తుకున్నాడు. మేష్టర్లిద్దరూ మొదటి పది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. తర్వాత ఒకాయన చేతులు విప్పాడు. బయట నెమళ్లు అరుస్తున్నాయి, ఆ అరుపు కూడా కళ్యాణిలోనే ఉన్నట్టుంది. నేనేం చేశానో చెప్తాను. కళ్లు మూసుకున్నాను. సౌండు మనిషి చేయకూడని పని అది. ఆయన రాగం నన్ను ఎత్తుకుపోయింది. ఎంతసేపు పోయానో తెలియదు. టపటపమని చప్పుడు వినిపించి కళ్లు తెరిస్తే మొదటి చక్రం ఖాళీ, టేపు కొస గాలిలో కొట్టుకుంటోంది. రెండో మిషన్ బటన్ నొక్కాను. అప్పుడు సత్తయ్య పై షడ్జం మీద, అంటే పై 'స' మీద ఉన్నాడు. ముక్కుతో గాలి తీసుకుంటూ, బుగ్గల్లో దాచుకున్న గాలి ఊదుతూ, స్వరం వెంట్రుకంత కూడా కదలకుండా పట్టాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

మధ్యలో ఎంత పోయిందో నాకు తెలియదు. మూడు నిమిషాలో, ఐదో. రాగం పైకెక్కే దారి మొత్తం పోయింది.

బ్లేడు

మర్నాడు రాఘవులు సార్ సెలవులో ఉన్నాడు. సంగీతం డిపార్ట్‌మెంట్ వాళ్లు టేపు కావాలని మనిషిని పంపారు. నేను బ్లేడు తీశాను. సొరుగు లాగాను. అందులో తెల్ల టేపు చుట్ట ఉంది. చూశాను. సొరుగు మూశాను.

ఎందుకంటే తెల్ల టేపు పెడితే "ఎందుకు పోయింది?" అని అడుగుతారు. నాకు ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మొదటి టేపు చివర సత్తయ్య ఒక సంగతి, అంటే రాగంలో ఒక మెలిక, సగంలో ఉన్నాడు. రెండో టేపు మొదట్లో పై షడ్జం మీద ఉన్నాడు. సగం సంగతికి ఆ షడ్జాన్ని అతికించాను. చేతి పని బాగానే చేశాను. అదే కొంప ముంచింది. అతుకు వినబడదు. వినబడేదేమిటంటే, సత్తయ్య ఒక సంగతి మధ్యలో ఠక్కున తెగి, దారి తప్పి, ఎక్కడో ఒక స్వరం మీద పడి దాన్నే పట్టుకుని వేలాడుతున్నట్టు.

సార్ సెలవు నుంచి వచ్చి విన్నాడు. రెండుసార్లు విన్నాడు.

"గీడ ఊపిరి తెగిందా, నిజంగ?"

"అవును సార్."

నా ముఖం వైపు కాసేపు చూసి, మిషన్ ఆపి, చాయ్‌కి పోయాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అడగని బాసు అడిగే బాసు కన్నా బరువు. మీకు అట్లాంటివాడు దొరికితే అడగకముందే చెప్పేయండి.

ఆ రోజు హాల్లో ఉన్నది నాలుగు వందల మంది. టేపు విన్నవాళ్లు వేలమంది. మేష్టర్లలో చేతులు విప్పనాయన దాన్ని ఏటేటా క్లాసులో వినిపించాడు. "కళ్యాణిలో సత్తయ్య ఊపిరి తెగిన చోటు" అని దానికి పేరు పెట్టారు. పిల్లలు క్యాసెట్లకు ఎక్కించుకున్నారు, ఆ క్యాసెట్ల నుంచి ఇంకొకరు ఎక్కించుకున్నారు. సన్నాయి మనిషికి ఊపిరి తెగిందన్న పేరు రావడమంటే ఈతగాడు మునిగాడని పేరు రావడమే. పెళ్లిళ్లలో ఆయనకు లోటు రాలేదు. పెద్ద సభల్లో మాత్రం పావుగంట ఇచ్చేవాళ్లు. "పాపం, దమ్ము లేదు, ఎక్కువసేపు పెట్టొద్దు" అని. పందిరి చాలదా అన్నవాళ్ల మాటకు నా బ్లేడు సాక్ష్యం పలికింది.

కొన్నేళ్లకు వారాసిగూడలో ఒక పెళ్లికి వెళ్లాను. గుమ్మం పక్కన సత్తయ్య ఊదుతున్నాడు. నన్ను చూసి సన్నాయి కిందికి దించి, నవ్వుకుంటూ వచ్చి, నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"మంచిగున్నవా సారూ? గా టేపు మంచిగొచ్చిందా?"

"మంచిగొచ్చింది" అన్నాను.

"గంతే చాలు. అన్నం తిని పో" అన్నాడు.

అమాయకుడు, ఏమీ తెలియదనుకున్నాను. తినకుండానే వచ్చేశాను.

ముఖం లేని సినిమా

సత్తయ్య పోయి చాలా ఏళ్లయింది. నేను రిటైరై పదేళ్లు. పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం స్రవంతి అనే అమ్మాయి మా ఇంటి బెల్లు కొట్టింది. భువనగిరి దగ్గరి పల్లె, మా క్యాంపస్‌లోనే రీసెర్చ్ చేస్తోంది, హాస్టల్లో ఉంటుంది. సత్తయ్య మీద సినిమా తీస్తోందట.

"పుట్టుక, పెళ్లి, సన్మానాలు, అన్నీ పెడుతున్నవా?" అని అడిగాను.

"ఏమి పెట్టను అంకుల్. ఆయన ముఖం కూడా చూపియ్య."

"ముఖం లేకుండ మనిషి కథ ఏందమ్మా?"

"ఊదేటప్పుడు ఆయన ముఖం ఆయనకు కనపడలే గదా. ఆయనకు ఏమేం కనపడ్డయో గవే చూపిస్త. పీకలు చేసే తాత, డోలు కొట్టే చేతులు, పెళ్లిళ్లకు తీస్కపోయే బస్సు ముందటి అద్దం, బిడ్డ మోకాళ్లు. మైకు సార్ కూడా కనపడి ఉంటడు గదా."

నాకు నవ్వొచ్చింది. ఇదేం సినిమా అనుకున్నాను. కానీ కెమెరా పెట్టాక మనకు పట్టపగ్గాలుంటాయా? గంటసేపు చెప్పాను. రెండు నిమిషాల ఊపిరి చెప్పాను. నేను మైకు జానెడు జరపకపోతే సన్నాయికే ఆ గంభీరం వచ్చేది కాదని చెప్పాను. మెట్రో పోయినప్పుడల్లా మా కిటికీ అద్దం సన్నగా మోగుతుంది, అది ఏ స్వరమో కూడా చెప్పాను. (తెలియదు. ఉట్టిదే.) లోపల శకుంతల దగ్గి దగ్గి అలిసిపోయింది.

స్రవంతి అంతా విని లాప్‌టాప్ తెరిచింది. ఆ టేపు వినిపించింది. నా అతుకు దగ్గర ఆపింది.

"అంకుల్, మనిషి ఊపిరి తెగేటప్పుడు ముందుగాల కొద్దిగ సన్నగైతది. గీడ సన్నగ కాలే. కత్తి పెట్టినట్టున్నది. గీ అతుకు ఎవరు వేసిన్రు?"

ఫ్యాను తిరుగుతోంది. నేను నా చేతులు చూసుకున్నాను. అమ్మాయి తొందర పెట్టలేదు. రాఘవులు సార్ కూడా అప్పుడు ఇట్లాగే చూశాడు.

"నేనే వేసిన" అన్నాను. సొరుగులో మూసిపెట్టిన తెల్ల టేపు గురించి కూడా చెప్పాను.

శకుంతల చాయ్ గ్లాసులతో గడపలో నిలబడి ఉంది. నలభై ఏళ్ల సంసారంలో ఆమెకు నేను చెప్పనిది అదొక్కటే. ఆమె దగ్గలేదు.

తెలుపు

పోయిన నెల మా ఆడిటోరియంలోనే మధ్యాహ్నం మూడింటికి ఆ సినిమా వేశారు. నేను ముందే వెళ్లాను. ఖాళీ హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టాను. పాత పరదాలు తీసేశారు, ఎడమ గోడ ఇప్పుడు మాట్లాడుతోంది. నా కుర్చీ ఉన్న చోట చెత్తడబ్బా పెట్టారు.

నా పక్క సీట్లో ఒకామె వచ్చి కూర్చుంది. నెరిసిన జడ, చేతిలో గుడ్డ సంచి. "నేను సుగుణ అన్నా. సత్తయ్య బిడ్డను" అంది. లాలాపేట్‌లో ఉంటుందట, బడిపంతులుగా చేస్తోందట. ఇన్నేళ్లూ రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. సినిమాలో ఏముందో నాకు తెలుసు. ఆమెకు తెలుసో లేదో తెలియదు. అది చూశాక ఆమె నన్నేమంటుందోనని, పక్క తలుపు ఎంత దూరముందో చూసుకున్నాను.

అంత వింత సినిమా నేను చూడలేదు. ఎక్కడా సత్తయ్య లేడు. కానీ గంటన్నర ఆయన కళ్లలో కూర్చున్నట్టు ఉంది. పెళ్లి పందిట్లో ఎవరూ వినరు, అందరూ తింటుంటారు, ఒక ముసలామె మాత్రం విస్తరి ముందు చెయ్యి ఆపి ఇటు చూస్తుంది. బస్సు అద్దంలో తెల్లారుతుంది. తాత పీకను నాలుకతో తడిపి ఊది చూసి పక్కన పడేస్తాడు, ఇంకోటి తీస్తాడు. ఒక చోట చిన్న మోకాళ్లు, వాటి మీద శ్రుతిపెట్టె. సుగుణ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత నా చేతులు వచ్చాయి, తెర నిండా. నేను చెప్పిన గంట కోతల్లో ఒక్క ముక్క లేదు. ఫ్యాను చప్పుడు, నా వేళ్లు, నా మౌనం. హాలు మొత్తం ఆ మౌనం విన్నది. చివర "నేనే వేసిన." నా గొంతు అంత ముసలిదని నాకు తెలియదు.

వెంటనే కళ్యాణి మొదలైంది. ఆ సంగతి సగంలోకి వచ్చింది. నా అతుకు చోటు వచ్చేసరికి తెర తెల్లగా అయిపోయింది. శబ్దం లేదు. ఉట్టి తెలుపు. జనం మిషన్ పాడైందనుకుని వెనక్కి తిరిగారు, ఎవరో ఈల వేశారు. అలవాటు కొద్దీ నేను కూడా సగం లేచాను. సుగుణ నా మోచెయ్యి పట్టి కూర్చోబెట్టింది. తెలుపు పోలేదు. ఆ వెలుగులో హాల్లో అందరి ముఖాలూ కనిపిస్తున్నాయి. బయట నెమలి అరిచింది. దూరంగా రైలు పోయింది. నలభై ఏళ్ల కింద సొరుగులో నేను మూసిపెట్టిన చుట్టను ఆ అమ్మాయి తీసి అతికించింది.

అప్పుడు వచ్చింది పై షడ్జం. ఎక్కడి నుంచో తెగి పడ్డట్టు కాదు, ఎంతో దూరం నడిచొచ్చి నిలబడ్డట్టు వచ్చింది. యాభై ఎనిమిది సెకన్లు.

మా వెనక వరుసలో సంగీతం చెప్పే ఒక మేడం, ఒకప్పుడు ఇక్కడే చదువుకున్నామె, పక్కనున్నామెతో మెల్లగా అంటోంది: "మాకు క్లాసుల తెగిందని చెప్పిన్రు గదా. తెగలేదా మరి?"

"తెగలేదమ్మా" అంది సుగుణ, వెనక్కి తిరగకుండానే.

మెట్ల మీద

సినిమా అయ్యాక బయట మెట్ల మీద కూర్చున్నాం. స్రవంతి చుట్టూ పిల్లలు మూగారు. నేను చెప్పాల్సింది చెప్పేశాను.

"సుగుణమ్మా, మీ నాయన పాటల మునిగిపోయి కళ్లు మూసుకున్న. గందుకే చక్రం ఖాళీ అయిందని తెల్వలే. ఆయన పేరు నా చేతుల పాడైంది. తప్పు నాదే."

ఇన్నేళ్లు లోపల అరగదీసి నున్నగా చేసుకున్న మాట అది. చెప్తుంటే నాకే కళ్లు తడి అయ్యాయి.

ఆమె సంచి పక్కన పెట్టింది.

"కళ్లు మూసుకున్నవా అన్నా?"

"మూసుకున్న."

"కుర్చీల కూసోనా?"

నేను మెట్టు మీది దుమ్ము వేలితో గీకాను.

"కుర్చీల ఎవ్వరు లేరు. నేను నాయన పక్కకే ఉన్న, నాకు అంత కనపడుతుండె. నాయన ఇటు తిరిగి చూసిండు. నీ కుర్చీ ఖాళీ, నీ చక్రం ఖాళీ. కాలితోని నా మోకాలు పొడిచిండు, పెట్టె ఆపకని. పై షడ్జం పట్టుకొని గాడనే నిలబడ్డడు. ఇంక ముందటికి పోతే అది గూడ గాలిల పోతదని. గప్పుడు వచ్చినవు నువ్వు, పక్క తలుపుల నుంచి, ఉరుక్కుంట. చేతిల బజ్జీల పొట్లం. పొట్లం మిషిన్ మీద పెట్టి బటన్ ఒత్తినవు. చక్రం మంచిగ తిరుగుతుందని నమ్మకం కుదిరేదాక ఇంకింతసేపు పట్టిండు, గప్పుడు దిగిండు."

"మరి ఎవ్వరికి చెప్పలేదేం?"

"నేను చెప్తనన్న. నాయన వద్దన్నడు. 'ఆకలైనట్టున్నది పిల్లగానికి, పోయిండు. చెప్తే నౌకరి పోతది' అన్నడు. గంతే."

సంచి భుజానికి తగిలించుకుని లేచింది. రెండు మెట్లు దిగి ఆగింది.

"ఇంకోటి. రెండు నిమిషాలు, రెండు నిమిషాలు అని తార్నాకంత చెప్పుకుంటవట గదా. గది గూడ తప్పే. తిత్తి కొట్టి కొట్టి చెయ్యి గుంజింది నాకు. నువ్వొచ్చేటాలకే నాయన షడ్జం పట్టి రెండు నిమిషాలు దాటింది. రాస్తే గిది రాయి."